మనసుకు మందు, కంటికి మసక

ఒంటికి జ్వరం వస్తుంది. కడుపునొప్పి వస్తుంది. అలాగే మనసుకూ జబ్బు చేస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొందరికి పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. ఎవరో తమను చంపడానికి వస్తున్నారని భయపడతారు. రాత్రిళ్లు నిద్రపోరు. తమలో తామే మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. పనికి పోరు. స్నానం చేయరు. ఇలాంటి జబ్బుల్లో ఒకదాని పేరు స్కిజోఫ్రీనియా.

ఇది దయ్యం కాదు. చేతబడి కాదు. ఎవరో చేసిన పాపం కాదు. మెదడు పనిచేసే తీరులో వచ్చే మార్పు. దీనికి మందులు ఉన్నాయి. ఆ మందులతో ఎంతోమంది కుదుటపడ్డారు. మళ్లీ పనులకు పోతున్నారు. పిల్లలను సాకుతున్నారు.

మందు మనకు కావలసిన మేలు చేస్తుంది. దాంతోపాటు అక్కర్లేని పని కూడా కొంత చేస్తుంది. ఈ అక్కర్లేని పనినే దుష్ఫలితం అంటారు. డాక్టర్లు దీన్ని సైడ్ ఎఫెక్టు అంటారు. మనసు జబ్బుకు వాడే మందుల వల్ల నోరు ఎండిపోవచ్చు. మత్తుగా ఉండవచ్చు. చేతులు వణకవచ్చు. కళ్లకు కూడా ఇబ్బంది రావచ్చు.

ఈ పాఠంలో కళ్ల గురించి తెలుసుకుందాం. ఎందుకంటే నోరు ఎండితే నీళ్లు తాగి ఊరుకుంటాం. కన్ను మసకబారితే పని ఆగిపోతుంది. పని ఆగితే కూలి ఆగుతుంది. అప్పుడు చాలామంది ఎవరికీ చెప్పకుండా మందు మానేస్తారు. జబ్బు తిరగబెడుతుంది.

ఈ మందులు ఎప్పుడు వచ్చాయి?

డెబ్బై ఏళ్ల క్రితం వరకు ఈ జబ్బుకు సరైన మందు లేదు. రోగులను గదుల్లో పెట్టి తాళం వేసేవారు. గొలుసులతో కట్టేవారు. ఆసుపత్రిలో చేరినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయేవారు.

1952లో ఫ్రాన్సు దేశంలో ఒక మార్పు వచ్చింది. పారిస్ నగరంలో సెయింట్ ఆన్ అనే ఆసుపత్రి ఉంది. అక్కడ జాన్ డిలే, పియర్ డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రొమజైన్ అనే మందును రోగులకు ఇచ్చి చూశారు. రోగుల ఆందోళన తగ్గింది. వాళ్లు మాట వినే స్థితికి వచ్చారు. 1958లో బెల్జియం దేశంలో పాల్ జాన్సెన్ బృందం హాలోపెరిడాల్ అనే మందును తయారు చేసింది. తరువాత క్లోజపిన్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్, క్వెటియాపిన్ వంటి మందులు వచ్చాయి.

మన దేశంలో సర్పగంధ వేరును మనోవ్యాధులకు వాడడం పాత అలవాటు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు డాక్టర్లు దాని గురించి వైద్య పత్రికలో రాశారు.

మాత్ర ఒక్క చోటికే పోదు

మెదడులో కబుర్లు మోసే రసాయనాలు ఉన్నాయి. అందులో ఒకటి డోపమిన్. మనసు జబ్బు మందులు ముఖ్యంగా డోపమిన్ కబురు జోరును తగ్గిస్తాయి. అప్పుడు లేని మాటలు వినిపించడం తగ్గుతుంది. భయం తగ్గుతుంది.

కానీ మింగిన మాత్ర మెదడులో ఆ ఒక్క చోటికే పోదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కాలువ తెరిస్తే నీళ్లు వరి మడికే పోవు కదా! పక్కనున్న గడ్డికీ పోతాయి. ఇదీ అంతే. మాత్ర కంటికీ చేరుతుంది.

కన్ను దగ్గర వస్తువును ఎలా చూస్తుందో మొదట తెలుసుకోవాలి. కంటి నడుమ నల్లని చుక్క కనిపిస్తుంది. అది కంటిపాప. అది ఒక కిటికీ లాంటిది. వెలుతురు ఎక్కువైతే చిన్నదవుతుంది. చీకటిలో పెద్దదవుతుంది. దాని వెనుక అద్దం లాంటి బిళ్ల ఉంటుంది. దాన్ని కటకం అంటారు. దూరం చూసేటప్పుడు కటకం పలచగా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, పుస్తకం చదివేటప్పుడు అది ఉబ్బుతుంది. దాని చుట్టూ ఉన్న సన్నని కండరం ఈ పని చేయిస్తుంది.

ఆ కండరానికి కబురు మోసే రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్. కొన్ని మందులు ఈ కబురుకు అడ్డుపడతాయి. కండరం సరిగా బిగుసుకోదు. కటకం ఉబ్బదు. కంటిపాప పెద్దదై, వెలుతురు ఎక్కువగా లోపలికి పోతుంది. దూరాన ఉన్న చెట్టు కనిపిస్తుంది. చేతిలో ఉన్న అక్షరం అలుక్కుపోతుంది. ఎండలో కళ్లు చెదురుతాయి.

నలభై ఏళ్లు దాటినవారికి చత్వారం వస్తుంది. వాళ్లు పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చదువుతారు. మందు వల్ల వచ్చే మసక కూడా దాదాపు అలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇది పాతికేళ్ల వాళ్లకు కూడా రావచ్చు. మందు మొదలుపెట్టిన రోజుల్లోనే రావచ్చు.

ఉమ్మెత్త సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. ఉమ్మెత్త గింజలు కడుపులోకి పోతే నోరు ఎండిపోతుంది. కంటిపాపలు పెద్దవవుతాయి. చూపు మసకబారుతుంది. మనిషి వెర్రెత్తినట్టు మాట్లాడతాడు. ఎసిటైల్‌కోలిన్ కబురుకు అడ్డుపడే గుణం ఉమ్మెత్తలోనూ ఉంది. అందుకే మాత్రలు వాడుతున్నవారికి ఉమ్మెత్త కలిపిన నాటుమందు ఇవ్వడం చాలా ప్రమాదం. ఒంటరిగా ఇచ్చినా అది విషమే.

ఒక దర్జీ కథ

ఒక ఊళ్లో ఒక దర్జీ ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు. పని బాగా చేసేవాడు. రాత్రి బడిలో చేరి చదువు కూడా నేర్చుకున్నాడు. జాకెట్ల కొలతలు తానే పుస్తకంలో రాసుకునేవాడు.

కొన్నాళ్లకు అతనికి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపించసాగాయి. మిషను పక్కన పెట్టేశాడు. భార్య అతన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు రెండు రకాల మాత్రలు రాశాడు. ఒకటి జబ్బుకు. రెండోది చేతులు వణకకుండా ఉండడానికి.

మూడు వారాల్లో మాటలు వినిపించడం తగ్గింది. రాత్రి నిద్ర పట్టింది. అతను మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు.

కానీ సూదిలో దారం ఎక్కలేదు. కాజాలు వంకరపోయాయి. కొలతల పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

"అమ్మా, నాకు సూది రంధ్రం కనబడ్డం లేదే" అన్నాడు తల్లితో.

"నిన్నటిదాకా లేని మాటలు వినబడ్డాయి. ఇవాళ ఉన్న సూది కనబడ్డం లేదా? మాట్లాడకుండా పని చూసుకో నాయనా" అంది తల్లి.

భార్యకు చెప్పాడు. "మాత్రలు ఎగ్గొట్టడానికి సాకు చెబుతున్నావా ఏమయ్యా?" అంది ఆమె.

అతను మరి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే భార్య చేతిలో పెట్టిన మాత్రలు నోట్లో వేసుకునేవాడు. పెరట్లోకి పోయి ఉమ్మేసేవాడు. కొద్ది రోజులకు చూపు బాగైంది. సూదిలో దారం ఎక్కింది. అందరూ సంతోషించారు.

నెల తిరక్కుండానే మాటలు మళ్లీ వచ్చాయి. ఒక రాత్రి అతను ఇంట్లోంచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తరువాత పక్క టౌను బస్టాండులో దొరికాడు. కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి.

ఈసారి ఊరి ఆశా కార్యకర్త వెంట వెళ్లింది. పాత చీటీ, మిగిలిన మాత్రలు సంచిలో పెట్టించింది. డాక్టరు అన్నీ చూశాడు.

"మందు ఎందుకు మానేశావయ్యా?" అని అడిగాడు.

"సూది కనబళ్లేదండీ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానండీ. పిచ్చోడి మాటని ఎవరూ పట్టించుకోలేదు."

డాక్టరు కాసేపు మాట్లాడలేదు. తరువాత భార్య వైపు తిరిగి చెప్పాడు. "అతను చెప్పింది నిజమేనమ్మా. వణుకు రాకుండా ఇచ్చిన మాత్ర వల్ల చూపు మసకబారుతుంది. ఆ మాత్ర పేరు ట్రైహెక్సీఫెనిడిల్. అది అందరికీ అన్నాళ్లూ అక్కర్లేదు. జబ్బు మాత్ర మళ్లీ మొదలుపెడదాం. వణుకు మాత్ర తక్కువ మోతాదులో ఇస్తాను. వణుకు లేకపోతే మెల్లగా మానిపిస్తాను. రెండు వారాలకు తీసుకురండి. ఈలోగా అతను ఏది చెప్పినా రాసి పెట్టండి."

ఆ ఇంట్లో రాయడం వచ్చినవాడు అతనే. తన మసక సంగతి తానే రాసుకున్నాడు. సోమవారం: అక్షరాలు కలిసిపోయాయి. గురువారం: పెద్ద అక్షరాలు కనిపించాయి. ఆ కాగితం చూసి డాక్టరు మోతాదు సరిచేశాడు. కొన్ని వారాలకు మాటలూ తగ్గాయి, సూదీ కనిపించింది.

ఈ కథలో మందుది తప్పు కాదు. దర్జీది తప్పు కాదు. అతని మాట వినకపోవడం దగ్గర తప్పు జరిగింది.

మసక వస్తే కంగారు పడాలా?

మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు కొంచెం మసక రావచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. మసక తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరు మోతాదు మారుస్తాడు. లేదా మందు మారుస్తాడు.

ఈ మధ్యలో సంతలో కళ్లద్దాలు కొనవద్దు. ఇవాళ సరిపోయిన అద్దాలు నెల తరువాత సరిపోవు. డబ్బు దండగ. కంటి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మనసు జబ్బుకు ఏ మాత్ర వాడుతున్నారో తప్పక చెప్పండి. దాచవద్దు.

మందుల షాపులో అడిగి కంటిలో చుక్కలు వేయవద్దు. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎక్కువ రోజులు వేస్తే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు. చూపు పోవచ్చు కూడా.

చూపు మసకగా ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలి. రాత్రిపూట సైకిలు, మోటారు సైకిలు నడపవద్దు. నూర్పిడి మిషను దగ్గర, రంపం దగ్గర పనిచేయవద్దు. గట్టు లేని బావి దగ్గరికి ఒంటరిగా పోవద్దు.

కనుగుడ్లు పైకి పోతే

ఇది చూసినవాళ్లు చాలా భయపడతారు. రోగి మామూలుగా కూర్చుని ఉంటాడు. ఉన్నట్టుండి కనుగుడ్లు పైకి తిరిగిపోతాయి. కిందికి దించుకోలేడు. మెడ వెనక్కి గానీ పక్కకు గానీ బిగుసుకుపోతుంది. దవడ పట్టేస్తుంది. నాలుక బయటికి వస్తుంది. కాసేపటి నుంచి కొన్ని గంటల దాకా ఇలా ఉండవచ్చు.

"దయ్యం పూనింది" అంటారు కొందరు. వేపమండలు తెస్తారు. మిరపకాయల పొగ వేస్తారు. కొడతారు. పాపం, ఆ మనిషికి తెలివి ఉంటుంది. అన్నీ వినిపిస్తుంటాయి. ఎంత నొప్పో అతనికే తెలుసు.

ఇది దయ్యం కాదు. మందు వల్ల కంటి కండరాలు బిగుసుకుపోవడం. హాలోపెరిడాల్ వంటి మందుల వల్ల ఇది ఎక్కువ. సూదిమందు వేసినప్పుడు, మందు మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లో, వయసులో ఉన్న మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆడవాళ్లకూ రావచ్చు.

దీనికి విరుగుడు ఉంది. ఆసుపత్రిలో ప్రొమెథజైన్ వంటి సూదిమందు ఇస్తారు. కొద్దిసేపట్లోనే కళ్లు కిందికి దిగుతాయి. మెడ వదులవుతుంది. అందుకని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బండి లేకపోతే 108కి ఫోను చేయాలి. వాడుతున్న మాత్రల అట్టను వెంట తీసుకుపోవాలి. అది చూస్తే డాక్టరుకు సంగతి తొందరగా అర్థమవుతుంది.

ఫిట్స్‌కూ దీనికీ తేడా ఉంది. పెద్ద ఫిట్స్ వచ్చినవాడికి తెలివి ఉండదు. పిలిస్తే పలకడు. ఇక్కడ మనిషికి తెలివి ఉంటుంది. నోరు బిగుసుకున్నా మన మాట అర్థమవుతుంది. తేడా తెలియకపోయినా పర్వాలేదు. రెండింటికీ ఆసుపత్రికే పోవాలి.

కంటిలో నొప్పి వస్తే ఆలస్యం వద్దు

కన్ను ఎర్రబడింది. కంటిలో, తలలో విపరీతమైన నొప్పి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి. వాంతులు అవుతున్నాయి. చూపు తగ్గిపోతోంది.

ఇవి నీటికాసుల జబ్బు ఒక్కసారిగా ముదిరిన గుర్తులు. కంటిలో నీరు ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. కొందరి కళ్లలో ఆ నీరు పోయే దారి పుట్టుకతోనే ఇరుకు. మందు వల్ల కంటిపాప పెద్దదైతే ఆ దారి మూసుకుపోవచ్చు. కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఇది అరుదు. కానీ వస్తే గంటల లెక్కన చూపు దెబ్బతింటుంది. తెల్లవారేదాకా ఆగవద్దు. పసర్లు పోయవద్దు. అదే రోజు కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి పోవాలి.

ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే మందు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఏళ్ల తరబడి వాడేవారికి

క్లోర్‌ప్రొమజైన్‌ను పెద్ద మోతాదులో చాలా ఏళ్లు వాడితే కంటి ముందు పొరలో, కటకంలో సన్నని నలుసుల్లాంటి మచ్చలు ఏర్పడవచ్చు. చాలామందికి దీనివల్ల చూపు పెద్దగా తగ్గదు. కంటి డాక్టరు మిషనులో చూస్తే కనిపిస్తాయి. ఈ మందు వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. పొలం పనికి పోయేవాళ్లు తలకు తువ్వాలు చుట్టుకోవాలి. గొడుగో టోపీయో ఉంటే మంచిది.

థయోరిడజైన్ అని ఒక పాత మందు ఉండేది. రోజుకు 800 మిల్లీగ్రాములు దాటి వాడితే అది కంటి వెనుక తెరను దెబ్బతీసేది. ఆ తెరను రెటీనా అంటారు. మునిమాపు వేళ చూపు తగ్గేది. ఈ మందు గుండె లయను కూడా చెడగొడుతుందని తేలింది. 2005లో దాన్ని తయారు చేసిన అసలు కంపెనీ ప్రపంచమంతటా అమ్మకం ఆపేసింది. ఇంట్లో ఎక్కడో పాత మాత్రలు ఉన్నాయని తీసి వాడవద్దు అనడానికి ఇది ఒక కారణం.

క్వెటియాపిన్‌ను కుక్కల మీద పరీక్షించినప్పుడు వాటి కళ్లలో శుక్లాలు కనిపించాయి. మనుషుల్లో ఈ మందు వల్లనే శుక్లాలు వస్తాయని రుజువు కాలేదు. అయినా ముందు జాగ్రత్తగా కళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది.

చక్కెర జబ్బు దారిలో వచ్చే మసక

ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి మందుల వల్ల ఆకలి పెరుగుతుంది. బరువు పెరుగుతుంది. కొందరికి రక్తంలో చక్కెర పెరుగుతుంది. చక్కెర పెరిగితే కటకం ఉబ్బి చూపు ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా ఉంటుంది. చక్కెర జబ్బును ఏళ్లపాటు పట్టించుకోకపోతే రెటీనా దెబ్బతింటుంది.

అందుకని మందు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, 3 నెలలకు ఒకసారి, తరువాత ఏడాదికి ఒకసారి చక్కెర పరీక్ష చేయించాలి. చాలా దాహం, మాటిమాటికీ మూత్రం, దాంతోపాటు మసక ఉంటే వెంటనే చేయించాలి. రోజూ నడవాలి. తీపి, నూనె వంటకాలు తగ్గించాలి.

మసకా? భ్రమా?

ఇంట్లోవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. రోగి "నాకు కళ్లు సరిగా కనబడ్డం లేదు" అంటాడు. అది మందు వల్లనా, జబ్బు వల్లనా?

లేని మనిషి కనిపించడం, లేని పాము కనిపించడం భ్రమ. అది జబ్బు గుర్తు కావచ్చు. ఉన్న అక్షరం అలుక్కుపోవడం, ఎండకు కళ్లు చెదరడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం వేరు. ఇవి కంటి ఇబ్బందులు. వీటిని చిన్నగా పరీక్షించవచ్చు. రోగి చేతికి పేపరు ఇవ్వండి. దగ్గర పెట్టి చదవమనండి. తరువాత చేయి చాచి చదవమనండి. ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూడమనండి. అతను చెప్పింది చెప్పినట్టు రాయండి. తేల్చేది డాక్టరే. కానీ వినాల్సింది మనమే.

మనసు జబ్బు ఉన్నవాడికి కంటినొప్పి రాదా? పంటినొప్పి రాదా? అతను చెప్పే ప్రతి మాటా జబ్బు మాట కాదు.

చేయండి

మందు మొదలుపెట్టినప్పుడే "కళ్లకు ఏమైనా అవుతుందా?" అని డాక్టరును అడగండి.

మాత్రల పేర్లు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

చదవడానికి మంచి వెలుతురులో కూర్చోండి. ఎండలో పోయేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి.

ఏడాదికి ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి.

చేయవద్దు

మసక వచ్చిందని మాత్రలు ఒక్కసారిగా మానేయవద్దు.

డాక్టరుకు చెప్పకుండా మోతాదు తగ్గించవద్దు, పెంచవద్దు.

ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వవద్దు.

మాత్రలతో పాటు సారా, కల్లు, నాటుమందు తీసుకోవద్దు.

చట్టం ఏమంటోంది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఘోరం జరిగింది. మనోరోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. వాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఆ వార్త దేశాన్ని కదిలించింది.

2017లో మన పార్లమెంటు మానసిక ఆరోగ్య రక్షణ చట్టం చేసింది. అది 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం మనోరోగులను గొలుసులతో కట్టడం నేరం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో వైద్యం ఉచితం. తన జబ్బు ఏమిటో, ఇచ్చే మందు ఏమిటో, దానివల్ల వచ్చే ఇబ్బందులు ఏమిటో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. అంటే "ఈ మాత్ర వల్ల నా కళ్లకు ఏమవుతుంది?" అని అడగడం దబాయింపు కాదు. అది హక్కు.

ఫోనులో సలహా కావాలంటే 14416 ఉంది. దీని పేరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం దీన్ని 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

కొత్త మాటలు

దుష్ఫలితం: మందు వల్ల వచ్చే అక్కర్లేని ఇబ్బంది.
మోతాదు: ఒకసారి తీసుకోవలసిన మందు కొలత.
కటకం: కంటిలో ఉండే అద్దం లాంటి బిళ్ల.
చత్వారం: నలభై దాటాక దగ్గరివి సరిగా కనిపించకపోవడం.
నీటికాసులు: కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు.
శుక్లం: కటకం తెల్లబడి చూపు తగ్గడం.
భ్రమ: లేనిది ఉన్నట్టు కనిపించడం, వినిపించడం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. దర్జీ మాత్రలు ఎందుకు ఉమ్మేశాడు? అతని తల్లి ఏం చేసి ఉంటే బాగుండేది?
2. మీ ఊళ్లో ఎవరికైనా కనుగుడ్లు పైకి తిరిగిపోతే ఇప్పుడు మీరేం చేస్తారు?
3. మసక వచ్చిన వెంటనే కళ్లద్దాలు ఎందుకు కొనకూడదు?
4. మందు గురించి అడిగే హక్కు రోగికి ఉందని మీ ఇంట్లో ఎవరికి చెప్పాలి?

రాయండి

మీ ఇంట్లో ఎవరైనా రోజూ మాత్రలు వాడుతున్నారా? ఏ జబ్బుకైనా సరే. వాళ్ల పక్కన కూర్చుని ఈ నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాయండి.

మాత్ర పేరు:
రోజుకు ఎన్ని, ఎప్పుడెప్పుడు:
మొదలుపెట్టిన తేదీ:
మాత్ర వేసుకున్నాక వచ్చిన ఇబ్బంది:

నాలుగో గీత దగ్గర మీ మాట రాయవద్దు. మాత్ర వేసుకునే మనిషిని అడిగి, వాళ్లు చెప్పిన మాటే రాయండి. ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు ఈ కాగితం తీసుకుపోండి.